కన్ను చూచేది, మనసు తేల్చేది

(కార్తిక పూర్ణిమ సందర్భంగా అశ్వారావుపేటలో జరిగిన సాయంకాల ధార్మిక సభలో ఒక విశ్రాంత విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



 నేను వేదాంత పండితుణ్ణి కాను. మూడు దశాబ్దాలకు పైగా పిల్లలకు విజ్ఞానశాస్త్రం బోధించినవాణ్ణి. 'భ్రమ' అనే విషయం మీద మాట్లాడవలసిందిగా నిర్వాహకులు ఆదేశించారు. వేదాంతంలో ఆ మాటకు ఎంత బరువుందో మీరెరుగుదురు. నేను కంటి దగ్గర మొదలుపెట్టి, మా ఇంటిలో జరిగిన ఒక సంగతి దగ్గర ముగిస్తాను. నిజం చెప్పాలంటే, ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవడం కోసమే ఈ ప్రసంగానికి అంగీకరించాను.

ఈ సాయంకాలం ఇక్కడికి వస్తూ మీలో చాలామంది తూర్పున ఉదయిస్తున్న నిండు చంద్రుణ్ణి చూచి ఉంటారు. మన ప్రాంతంలో ఎటు చూచినా పామాయిల్ తోటలే కదా. రెండు వరుసల చెట్ల నడుమ బాట పోగా పోగా సన్నబడి, చివరకు ఒక్క బిందువులో కలిసిపోయినట్లు ఉంటుంది. ఆ చివరన లేచిన చంద్రుడు ఇత్తడి పళ్లెమంత కనిపిస్తాడు. అదే చంద్రుడు నడిరేయి నడినెత్తికి వచ్చేసరికి రూపాయి బిళ్లంత అవుతాడు. చంద్రుడు చిన్నవాడయ్యాడా? కాలేదు. ఇంటికి వెళ్లిన తరువాత పరీక్షించి చూడండి. చేయి బారుగా చాచి చిటికెన వేలి గోటిని చంద్రునికి అడ్డం పెట్టండి. ఉదయించే చంద్రుడూ ఆ గోటి వెనుక పూర్తిగా దాగుతాడు, నడినెత్తి చంద్రుడూ దాగుతాడు. కాగితాన్ని గొట్టంగా చుట్టి, చెట్లూ నేలా కనిపించకుండా అందులోనుంచి చూస్తే, పళ్లెమంత ఉన్నవాడు తక్షణం చిన్నబోతాడు.

ఇంకొక చిత్రం కూడా ఉంది. చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పటికంటే దిగంతాన ఉన్నప్పుడు మనకు సుమారు 6,400 కిలోమీటర్లు, అంటే భూమి వ్యాసార్ధమంత, ఎక్కువ దూరంలో ఉంటాడు. కనుక ఉదయించేటప్పుడు ఆయన బింబం వాస్తవానికి కొద్దిగా చిన్నది. మనకు కనిపించేది దానికి సరిగా విరుద్ధం. దీనికి పండితులు చెప్పిన వివరణలలో ప్రధానమైనది ఇది: చెట్లు, పొలాలు, గుట్టలు వరుసగా పరచుకొని ఉండడం వల్ల దిగంతం చాలా దూరమని మనసు లెక్క కడుతుంది. అంత దూరంలో ఉండి కూడా ఇంత బింబం కనిపిస్తున్నదంటే ఆ వస్తువు చాలా పెద్దదై ఉండాలని నిర్ణయిస్తుంది. 11వ శతాబ్దంలో దృష్టిశాస్త్రంపై మహాగ్రంథం రచించిన అరబ్బు పండితుడు ఇబ్న్ అల్ హైతమ్ కూడా దీన్ని ఆకాశంలోని వింతగా భావించక, మన గ్రహణశక్తికి సంబంధించిన విషయంగానే వివరించాడు.

కన్ను కెమెరా వంటిదని మేము తరగతిలో చెబుతాము. ఆ మాట సగమే నిజం. కంటి వెనుక పొర అయిన రెటీనాలో 12 కోట్లకు పైగా కాంతిని గ్రహించే కణాలు ఉన్నాయి. వాటి సమాచారాన్ని మెదడుకు చేరవేసే దృష్టినాడిలో ఉన్న తంతువులు సుమారు 10 లక్షలు మాత్రమే. అంటే కన్ను పంపేది పూర్తి చిత్రం కాదు, క్లుప్తమైన వార్త. పైగా ఆ నాడి కంటిని వీడి బయటకు వెళ్లే చోట కాంతిని గ్రహించే కణాలే లేవు. దాన్ని అంధబిందువు అంటారు. 1660 ప్రాంతంలో ఫ్రాన్సు దేశీయుడు మారియట్ దీన్ని కనుగొన్నాడు. ఒక కాగితం మీద ఎనిమిది సెంటీమీటర్ల ఎడంతో ఎడమవైపు ఒక గుణకారపు గుర్తు, కుడివైపు ఒక చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఎడమ గుర్తునే చూస్తూ కాగితాన్ని ముందుకూ వెనుకకూ జరపండి. ముఖానికి జానెడు మీద కొంత దూరంలో ఆ చుక్క మాయమవుతుంది. గమనించవలసింది ఏమంటే, అక్కడ నల్లని రంధ్రం కనిపించదు, తెల్లని కాగితమే కనిపిస్తుంది. లేని చోటును చుట్టుపక్కల ఉన్నదానితో మనసు పూరించింది. ఇది ప్రతివారికీ, ప్రతి దినమూ, మేలుకొని ఉన్నంతసేపూ జరుగుతూనే ఉంది.

జర్మనీ దేశపు శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1867 నాటికి పూర్తిచేసిన దృష్టిశాస్త్ర గ్రంథంలో, చూపు అంటే మనకు తెలియకుండా మనలో జరిగే అనుమానం అని ప్రతిపాదించాడు. ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు. పొగను చూచి నిప్పును ఊహించే తార్కికుల అనుమానం. కన్ను పొగను తెస్తుంది, మనసు నిప్పును తేలుస్తుంది.

మరి ఆధారం రెండు వైపులా సమానంగా ఉంటే మనసు ఏమి చేస్తుంది? దీనికి ముగ్గుపిండి చాలు. రెండు చతురస్రాలను కొంచెం ఎడంగా ఒకదానిపై ఒకటి పడేటట్లు వేసి, మూలకు మూలను నాలుగు గీతలతో కలపండి. మొత్తం 12 గీతల పెట్టె ఏర్పడుతుంది. దాన్ని అరనిమిషం చూడండి. ముందున్న ముఖం వెనుకకు పోతుంది, వెనుకది ముందుకు వస్తుంది. గీతలు కదలలేదు, కంటిలోని బింబం మారలేదు. జెనీవా నగరానికి చెందిన నెకర్ అనే స్ఫటికశాస్త్రజ్ఞుడు స్ఫటికాల చిత్రాలను పరిశీలిస్తూ దీన్ని గుర్తించి 1832లో ప్రకటించాడు. అందులో ముఖ్యమైన విషయం ఒకటి ఉంది: రెండు రూపాలూ ఒకేసారి ఎవరికీ కనిపించవు. మనసు ఒక నిర్ణయం చేసి, దాన్ని విడిచి, రెండవది చేస్తుంది. 'రెండూ కావచ్చు' అని మాత్రం చూపించదు.

మన శిల్పులు ఈ రహస్యాన్ని ఎరిగినవారు. లేపాక్షి వీరభద్రాలయం అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరుల ఆధ్వర్యంలో రూపొందింది. అక్కడ ఒక స్తంభం మీద ఒకే దేహానికి మూడు తలలున్న ఆవు శిల్పం ఉంది. రెండు తలలను అరచేతితో కప్పి చూస్తే మిగిలిన తలతో ఆ దేహం చక్కగా అతుకుతుంది. మరొక తలను విడిచి చూస్తే, అదే దేహం మరొక భంగిమలో నిలుస్తుంది. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుని కుమారుడు కులోత్తుంగ చోళుడు. ఆ కులోత్తుంగుని మునిమనుమడైన రెండవ రాజరాజ చోళుడు కుంభకోణం సమీపాన దారాసురంలో ఐరావతేశ్వరాలయం కట్టించాడు. అక్కడి వృషభకుంజర శిల్పంలో ఏనుగుకూ ఎద్దుకూ తల ఒక్కటే. కుడివైపు దేహాన్ని కప్పితే ఒక జంతువు, ఎడమవైపు దేహాన్ని కప్పితే మరొక జంతువు. అజంతా మొదటి గుహలో నాలుగు లేళ్లకు ఒకే తల. ఆలయానికి వచ్చిన మనిషి ఒక్క క్షణం ఆగి, 'నేను చూచింది నేను అనుకున్నదేనా?' అని తనను తాను ప్రశ్నించుకొనేటట్లు ఈ శిల్పాలు చేస్తాయి. కొండంత శాస్త్రాన్ని రాతిలో ఇమిడ్చి, దాని ముందు పిల్లవాడు కూడా నవ్వుకొనేటట్లు చేసిన ఆ చేతులకు నమస్కరించాలి.

హారతి సమయంలో స్వామి ముఖం చిరునవ్వు చిందించినట్లు ఉందని పెద్దలు అంటారు. నేను దాన్ని తోసిపుచ్చేవాణ్ణి కాను. కంటికి సంబంధించినంతవరకు నాకు తెలిసినది మాత్రం చెబుతాను. మనసుకు ఒక పాత అలవాటు ఉంది: వెలుగు ఎప్పుడూ పైనుంచే వస్తుందని భావించడం. సూర్యచంద్రులు పైనే ఉంటారు కదా. చెన్నైలో వైద్యవిద్య చదివి అమెరికాలో పరిశోధనలు సాగించిన వి.ఎస్. రామచంద్రన్ 1988లో ఈ విషయాన్ని సులభమైన బొమ్మలతో నిరూపించారు. పైభాగం తెల్లగా, క్రిందిభాగం నల్లగా ఉన్న వలయం ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. కాగితాన్ని తలక్రిందులు చేస్తే అదే వలయం గుంటగా మారుతుంది. బురదలో పడిన ఎద్దు గిట్టల ఛాయాచిత్రాన్ని త్రిప్పి చూస్తే గుంటలు బుడిపెలవుతాయి. గర్భాలయంలో కర్పూరజ్యోతి క్రిందినుంచి పైకి, ప్రక్కనుంచి ప్రక్కకు తిరుగుతుంటే విగ్రహం పెదవుల అంచున, కనుకొలకుల వద్ద నీడలు క్షణక్షణం మారుతాయి. ఆ నీడలను బట్టి మనసు ముఖభావాన్ని చదువుతుంది. కదిలే దీపంలోనే దర్శనం కలిగే విగ్రహానికి ఎక్కడ ఎంత లోతు చెక్కాలో స్థపతికి తెలుసు. ఈ సంగతి తెలిసిన తరువాత నా భక్తి తగ్గలేదు. స్థపతిపై గౌరవం పెరిగింది.

ఇక మన శాస్త్రాలలోనికి వద్దాము. త్రాడును చూచి పాము అనుకోవడం, ముత్యపు చిప్పను చూచి వెండి అనుకోవడం మన దార్శనికులకు శతాబ్దాలపాటు వాదవస్తువులు. ఎదుట ఉన్నదానిని చూడడం, వెనుకటి వెండిని జ్ఞాపకం చేసుకోవడం అనే రెండు జ్ఞానాల మధ్య భేదం తెలియకపోవడమే భ్రమ అన్నారు ప్రాభాకర మీమాంసకులు. దీన్ని అఖ్యాతి అంటారు. ఒక వస్తువు మరొక విధంగా తోచడమే భ్రమ అన్నారు నైయాయికులు, అది అన్యథాఖ్యాతి. ఉన్నదనీ లేదనీ చెప్పడానికి వీలుకానిది తోచడం అన్నారు అద్వైతులు, అది అనిర్వచనీయఖ్యాతి. శంకర భగవత్పాదులు అధ్యాసను వివరించేటప్పుడు పూర్వానుభవపు స్మృతికి ప్రధానస్థానం ఇచ్చారు. వారి గమ్యం వేరు, హెల్మ్‌హోల్ట్జ్ గమ్యం వేరు. ఆయన చెప్పినదే వీరు చెప్పారని నేను అనను. అయితే చూపులో జ్ఞాపకం పాలుపంచుకొంటుందన్న పరిశీలన మాత్రం ఉభయులకూ సమానం.

అద్వైత గ్రంథాలలో ఇంకొక విభాగం ఉంది. నాకు అన్నిటికంటే ఉపకరించినది అదే. భ్రమలు రెండు రకాలు: నిరుపాధికం, సోపాధికం. త్రాడులో పాము నిరుపాధిక భ్రమ. దీపం తెచ్చి చూస్తే పాము పోతుంది, మళ్లీ రాదు. తెల్లని స్ఫటికం ప్రక్కన ఎర్రని మందారం పెడితే స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. ఇది సోపాధికం. ఎరుపు స్ఫటికానిది కాదని నీకు తెలుసు. తెలిసినా ఎర్రగానే కనిపిస్తుంది. ఉపాధి అయిన పువ్వును తీస్తే తప్ప ఆ ఎరుపు పోదు. ఇందాక చెప్పిన చంద్రుడు ఈ రెండవ కోవకు చెందినవాడు. ఇంత విన్న తరువాత కూడా బయటకు వెళ్లి చూస్తే మీకు పెద్దగానే కనిపిస్తాడు.

ఇక మా ఇంటి సంగతి.

మా అమ్మ ఎనభయ్యవ పడిలో ఉండగా ఒక సాయంకాలం దీపం పెట్టే వేళ, 'అరుగు మీద ఆ పిల్లలు ఎవరు నాయనా, పట్టుపావడాలు కట్టుకొని కూర్చున్నారు?' అని అడిగింది. అరుగు మీద ఎవరూ లేరు. మరునాడు గోడ నిండా పూలతీగ అల్లుకొన్నదని చెప్పింది. ఆ పిల్లలు మాట్లాడరు, నవ్వరు, ఎవరినీ ఏమీ అనరు. కాసేపు ఉండి పోతారు. ఇంట్లో కలకలం బయలుదేరింది. గాలి సోకిందని ఒకరు, చనిపోయిన వారెవరో వచ్చి పోతున్నారని మరొకరు అన్నారు. అడవి దారిలో దేన్నో దాటి ఉంటుందని ఇంకొకరు. చివరకు ఒక భూతవైద్యుణ్ణి పిలిపించారు. వేపమండలతో ఆమెను కొట్టారు. మిరపకాయల పొగ పెట్టారు. నేను ఆ గదిలోనే ఉన్నాను. విజ్ఞానశాస్త్రం చెప్పేవాణ్ణి, పదిమంది ఎదుట నోరు మెదపలేదు. ఆ దినం తరువాత అమ్మ, పిల్లలు కనిపించడం లేదని చెప్పింది. మేము ఊపిరి పీల్చుకొన్నాము.

రెండేళ్ల తరువాత ఆమె గడప తట్టుకొని పడితే, చూపు మందగించిందేమోనని పట్టణంలో ఒక కంటివైద్యునికి చూపించాము. రెండు కళ్లలో శుక్లాలు ముదిరి ఉన్నాయి. ఎడమ కంటిలో రెటీనా మధ్యభాగం కూడా క్షీణించింది. ఆయన పరీక్ష ముగించి, మమ్మల్ని కొంచెం దూరంగా నిలబెట్టి, 'అమ్మా, లేనివి ఏవైనా కనిపిస్తున్నాయా? మనుషులు, పూలు, బొమ్మలు?' అని మెల్లగా అడిగాడు. ఆమె నా వైపు చూచింది. చాలాసేపటికి, 'కనిపిస్తాయి బాబూ. వాళ్లు లేరని నాకు తెలుసు. చెబితే కొడతారని చెప్పడం మానేశాను' అన్నది.

ఆ మాట విన్న నాటినుంచి నేటివరకు నా చెవిలో అది మ్రోగుతూనే ఉంది.

వైద్యుడు చెప్పింది ఇది. చూపు బాగా తగ్గినప్పుడు కంటినుంచి మెదడుకు చేరే వార్త పలచబడుతుంది. వార్త రాని చోటును మెదడు తన వద్ద ఉన్న రూపాలతో తానే పూరిస్తుంది. మనందరి అంధబిందువు విషయంలో నిత్యం జరిగేదే ఇక్కడ మరింత విస్తారంగా జరుగుతుంది. ఇది పిచ్చి కాదు, పూనకం కాదు. 1760లో జెనీవా పండితుడు చార్లెస్ బొన్నె, శుక్లాల వల్ల చూపు పోయిన తన తాతగారు ఇలాగే లేని మనుషులను, పక్షులను, భవనాలను చూస్తుండేవారని, ఆయన బుద్ధి మాత్రం నిర్మలంగా ఉండేదని వ్రాశాడు. ఈ స్థితిని నేడు ఆ పండితుని పేరుతోనే పిలుస్తున్నారు.

ఇప్పుడు ఆ రెండు రకాల భ్రమలను గుర్తుకు తెచ్చుకోండి. మా అమ్మది స్ఫటికంలో ఎరుపు. లేదని ఆమెకు తెలుసు, తెలిసినా కనిపిస్తున్నది. ఉపాధి కంటిలో ఉంది. దానికి బోధ పనికిరాదు, బెదిరింపు అంతకంటే పనికిరాదు. మాది త్రాడులో పాము. నిర్మలమైన బుద్ధి గల తల్లిలో మేము దయ్యాన్ని చూచాము. అది వైద్యుని ఒక్క ప్రశ్నతో మాయమైంది. ఆ ఇంటిలో నిజంగా భ్రమపడినవారు మేము. దెబ్బలు తిన్నది ఆమె.

శుక్లాలకు శస్త్రచికిత్స జరిగింది. కుడి కంటికి చూపు చాలావరకు తిరిగి వచ్చింది. పిల్లలు కనిపించడం బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. గదిలో వెలుతురు పెంచమని, ఆ రూపాలు వచ్చినప్పుడు రెప్పలార్చి కళ్లను అటూ ఇటూ త్రిప్పమని వైద్యుడు చెప్పాడు. అలా చేస్తే చెదిరిపోయేవి. చివరి రోజులలో ఆమె, 'ఈ వేళ నీ మేనకోడళ్లు వచ్చారురా' అని నవ్వుతూ చెప్పేది. మేమూ నవ్వేవాళ్లం. రెండేళ్లు ఒంటరిగా భయపడిన మనిషి తిరిగి నలుగురిలో పడింది.

మహాశయులారా! మీ ఇండ్లలోని వృద్ధులను ఒక్కసారి ప్రేమతో అడగండి. 'ఏవైనా లేనివి కనిపిస్తున్నాయా?' అని అడిగితే చాలు. అవునంటే వెంటనే కంటి పరీక్ష చేయించండి. శుక్లాలు ఉంటే చికిత్సతో చూపు వస్తుంది. నీటికాసుల వ్యాధిలో పోయిన చూపు తిరిగి రాదు గనుక దాన్ని ముందుగానే గుర్తించడం అవసరం. మధుమేహం ఉన్నవారికి ఏడాదికి ఒకసారి రెటీనా పరీక్ష తప్పనిసరి. రూపాలతోపాటు మాటలు వినిపిస్తున్నా, అవి నిజమేనని వారు నమ్ముతున్నా, జ్వరంలోనో కొత్త మందు వేసుకొన్న తరువాతనో మొదలైనా, కారణం వేరే ఉండవచ్చు. అప్పుడు ఆలస్యం చేయక పెద్ద వైద్యునికి చూపించాలి. ఏ సందర్భంలోనైనా వేపమండ మాత్రం మందు కాదు.

దాతలకు ఒక మనవి. అన్నదానం, గోపుర నిర్మాణం పుణ్యకార్యాలే. ఊరిలో కళ్లు మసకబారిన ఒక వృద్ధురాలిని బస్సెక్కించి వైద్యుని వద్దకు తీసుకువెళ్లి, చికిత్స చేయించి తీసుకురావడం కూడా ఆ కోవలోనిదే. ఆమె మళ్లీ ఆలయానికి వచ్చి స్వామిని స్పష్టంగా చూచిన నాడు ఆ దర్శనంలో మీకూ భాగం ఉంటుంది.

ఇంకొక్క మాట. మనది అడవి అంచు. చీకటిలో త్రాడును పాము అనుకొని ఒక అడుగు వెనుకకు వేస్తే నష్టం లేదు. పామును త్రాడు అనుకొంటేనే ప్రాణాపాయం. అందుకే మనసు భయం వైపు మొగ్గుతుంది. అది దేవుడిచ్చిన రక్ష. అయితే మనిషి విషయంలో ఆ రక్షే శిక్షగా మారుతుంది. మసక వెలుతురులో ఎవరినో చూచాననీ, ఎవరో మంత్రం వేశారనీ అన్నప్పుడు కర్ర తీయకముందు దీపం తీయండి. నేను ఆ దినం తీయలేకపోయాను.

 బయట చంద్రుడు ఇంకొంత పైకి వచ్చి ఉంటాడు. వెళ్లేటప్పుడు చిటికెన వేలు అడ్డం పెట్టి చూడడం మరువకండి.

స్వస్తి.